నూకాలత్త అడగకూడని మాట అడిగింది

అనగనగా ఒక కొండ అడవిలో, ఇప్పచెట్లకీ వాగుకీ మధ్యన, నూకాలు అనే ఏదుపంది ఉండేది. ఒళ్ళంతా ముళ్ళు. ముళ్ళకంటే మాట పదును. పొద్దున లేచిందంటే చికాకు మొదలు. ఆకులు రాలితే చికాకు, రాలకపోతే చికాకు. గోరింక పాడితే "పొద్దున్నే ఏంటే నీ గోల!" అనేది. పాడకపోతే "దీనికేం రోగమొచ్చింది ఇవాళ?" అనేది. అడవంతా ఆవిడ్ని నూకాలత్త అని పిలిచేది. వెనకాల ఏమని పిలిచేదో మనకెందుకు?

ఆవిడ పక్క బొరియలో కోటయ్య అనే అలుగు ఉండేవాడు. అలుగంటే తెలుసుగా? తెలీదా? సరే, వినండి. మూతి సన్నం, నాలుక పొడుగు, ఒంటినిండా చేపకున్నట్టు పొలుసులు. కానీ పెంకుల్లా గట్టివి. భయమేస్తే బంతిలా చుట్టుకుపోతాడు. అప్పుడు పులి వచ్చినా విప్పలేదు. లోపలున్నవాడు తనంతట తాను విప్పుకోవాలి, అంతే. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

కోటయ్యకి సందేహాలెక్కువ. రోజూ తెల్లారేసరికి నూకాలత్త గుమ్మం ముందు హాజరు.

"అత్తా, ఒక సందేహం."

"వద్దు."

"చిన్నదే అత్తా. చీమలు వరసగా పోతాయి కదా. వెనక చీమకి ముందు చీమ దారి చూపిస్తుంది. మరి అన్నిటికంటే ముందున్న చీమకి దారి ఎవరు చెప్తారు?"

"నాకేం తెలుసురా! నేనేమన్నా చీమనా? పోయి దాన్నే అడుగు."

"అడుగుదామనే వెళ్ళానత్తా. ఆకలేసి తినేశాను."

అని పడీపడీ నవ్వేవాడు. నూకాలత్త ముళ్ళు గలగలలాడించి లోపలికి పోయేది. "వీడితో వేగలేక చస్తున్నాను" అనేది. అలా అంటూనే మర్నాడు సరిగ్గా అదే వేళకి గుమ్మంలో వచ్చి కూర్చునేది.

వానలు మొదలయ్యే ముందు అడవిలో అందరికీ బొరియలు తవ్విపెట్టేది కోటయ్యే. గోళ్ళు అలాంటివి. ఆ ఏడు కుందేలు పైడమ్మకి తవ్వుతున్నాడు. ముందురోజు పడిన జల్లుకి మట్టి మెత్తగా ఉంది. రెండు రోజులు ఆగి తవ్వాల్సింది. మబ్బు పట్టిందని తొందరపడ్డాడు. కప్పు కూలింది. పైడమ్మ కూతురు బుల్లి కాలు విరిగింది.

తాబేలు వైద్యుడు వచ్చి బెరడు వేసి కట్టు కట్టాడు. కాలు అతుక్కుంటుందన్నాడు, కాస్త కుంటు మిగలొచ్చన్నాడు. కన్నకడుపు కదా, పైడమ్మ ఆగలేకపోయింది.

"నీ చేతులు పడిపోను! నువ్వు రాకుండా ఉంటే నా పిల్ల బాగుండేది!" అనేసింది.

కోపంలో అన్న మాట. సాయంత్రానికి పైడమ్మే మర్చిపోయింది. కానీ ఆ మాట కోటయ్య లోపలికి వెళ్ళి కూర్చుంది. ఇక కదల్లేదు.

మర్నాడు కోటయ్య సందేహం అడగలేదు. "హమ్మయ్య" అంది నూకాలత్త. రెండో రోజూ అడగలేదు. "బతికిపోయాను" అంది. మూడో రోజూ అడగలేదు. నూకాలత్త గుమ్మంలో కూర్చుని కూర్చుని, చివరికి తనే అరిచింది.

"ఏరా, ఇవాళ సందేహాల్లేవా?"

"లేవత్తా."

"తిన్నావా?"

"ఆకల్లేదత్తా." నేల వైపు చూస్తూ అన్నాడు, "అత్తా, నాకు బతకాలని లేదు."

అప్పుడు నూకాలత్త ఏం చేసిందో తెలుసా? అంత తెలివైనదీ, అంత లోకం చూసిందీ, "ఊరుకోరా, పిచ్చి మాటలూ నువ్వూనూ! వాన పడేలా ఉంది, నా దుంపలు తడిసిపోతాయి" అని లోపలికి పోయింది. ఎందుకంటే ఆవిడకి భయమేసింది. భయమేస్తే పని కల్పించుకోవడం ఆవిడ అలవాటు.

అసలు ఆ అడవిలో ఒక ఆచారం ఉండేది. చెడ్డ మాట నోట రాకూడదు. పైన తథాస్తు దేవతలు తిరుగుతుంటారట. మనం ఏదంటే అది "తథాస్తు" అనేస్తారట, ఇక అదే జరుగుతుందట. అందుకని ఎవరూ "వెళ్తాను" అనరు, "వెళ్ళొస్తాను" అంటారు. తిండి గింజలు అయిపోతే అయిపోయాయి అనరు, "నిండుకున్నాయి" అంటారు. ఇంతవరకూ బాగానే ఉంది, మనమూ అంటాం. కానీ వీళ్ళు మరీ ఎక్కువ. కడుపు నొప్పి అని కూడా చెప్పనిచ్చేవాళ్ళు కాదు.

పాపం కోటయ్య మళ్ళీ నోరు విప్పాడు. కొండముచ్చు పెద్దయ్య దగ్గరికి వెళ్ళాడు.

"పెద్దయ్యా, నేను లేకపోతేనే అందరికీ బాగుంటుందేమో అనిపిస్తోంది."

"శివశివా! ఆ మాట అనకు! తథాస్తు దేవతలుంటారు!" పెద్దయ్య రెండు చెవులూ మూసుకుని చెట్టు చివరికి ఎక్కేశాడు. దిగలేదు.

ఎలుగుబంటి దుంగన్న దగ్గరికి వెళ్ళాడు. దుంగన్న మొత్తం వినకుండానే మొదలెట్టాడు.

"నీకేం తక్కువరా? నిన్ను పులి కూడా తినలేదు. నా సంగతి చూడు, తేనెపట్టు కోసం వెళ్తే మొహమంతా వాచిపోయింది. నేనేమన్నా అంటున్నానా?"

గోరింక దగ్గరికి వెళ్ళాడు. గోరింక తల అటూ ఇటూ తిప్పింది.

"నవ్వాలి బావా! మంచి అనుకుంటే మంచే జరుగుతుంది. ఏదీ, ఒక్కసారి నవ్వు!"

కోటయ్య నవ్వాడు. గోరింక సంతోషించి ఎగిరిపోయింది. ఆ తర్వాత కోటయ్య ఎవరికీ ఏమీ చెప్పలేదు.

నాలుగు రోజులు గడిచాయి. ఒక మధ్యాహ్నం అడవంతా కోటయ్య గురించి ఒకటే పొగడ్త.

"ఎంత మంచివాడో! జీలుగు చెట్టు కింద చెదపుట్ట నాకిచ్చేశాడు. మూడు తరాలుగా వాళ్ళదది!" అన్నాడు దుంగన్న, మూతి నాక్కుంటూ.

"తన బొరియ మాకిచ్చేశాడు. రాతి కింద బొరియ, వానకి చెక్కుచెదరదు" అంది పైడమ్మ.

"కర్ణుడే కోటయ్యగా పుట్టాడు" అంది గోరింక.

నూకాలత్తకి కూడా ఒకటి దక్కింది. కోటయ్య వీపు గోక్కునే గరుకు రాయి. పొద్దున్నే దొర్లించుకుంటూ తెచ్చి గుమ్మంలో పెట్టాడు. "ఉంచుకో అత్తా. వెళ్తాను" అన్నాడు. నూకాలత్త దుంప తొక్క తీస్తూ తలెత్తకుండానే "ఆఁ" అంది.

ఇప్పుడు ఈ పొగడ్తలు వింటుంటే ఆవిడ చేతిలో దుంప కింద పడిపోయింది.

"ఓసి పిచ్చి మొహాల్లారా!" అని ఒక్క అరుపు అరిచింది. "తిండి నీకిచ్చాడు. ఇల్లు దానికిచ్చాడు. మరి వాడేం తింటాడు? ఎక్కడ పడుకుంటాడు? ఒక్కరైనా అడిగారా? తీసుకోవడానికి మాత్రం చేతులు చాచారు!"

అందరూ మొహమొహాలు చూసుకున్నారు.

"నన్నూ కలిపే తిడుతున్నానులెండి" అంది నూకాలత్త. "నేను వాడి మొహం కూడా చూడలేదు. లేవండి, వెతకండి!"

కొండముచ్చు పెద్దయ్య చెట్టు మీద ఉన్నాడు కదా, ఆయనకే కనిపించాడు. ఎండిపోయిన వాగు నడిమధ్యన, ఇసుకలో, బంతిలా చుట్టుకుని ఉన్నాడు కోటయ్య. ఎగువ కొండ మీద మబ్బు నల్లగా కమ్ముకుంది. ఇక్కడ చుక్క వాన లేదు. అయినా ఎగువన పడితే చాలు, వాగు పొంగుకొస్తుంది. ఆ సంగతి అడవిలో పాలు తాగే పిల్లలకీ తెలుసు. కోటయ్యకి తెలీదా?

నూకాలత్త పరిగెత్తింది. ఏదుపంది పరుగెత్తితే ఎలా ఉంటుందో చూశారా? చూడకపోవడమే మంచిది.

"ఒరేయ్ కోటయ్యా! లేవరా!"

ఉలుకూ లేదు, పలుకూ లేదు.

"విప్పుకో! నిన్నే!"

పొలుసులు ఇంకా బిగుసుకున్నాయి. గోళ్ళతో లాగింది. రాలేదు. నెట్టింది. కదల్లేదు. ఎగువ నుంచి హోరుమని చప్పుడు వినిపిస్తోంది.

"దుంగన్నా! చూస్తావేరా! మింగిన చెదపురుగులకైనా పని చెయ్యి!"

దుంగన్న దూకాడు. రెండు చేతులతో కోటయ్యని బంతిలా దొర్లించుకుంటూ గట్టెక్కించాడు. వెనకాలే ఎర్రనీళ్ళు వచ్చి వాగంతా నిండిపోయాయి.

గట్టుకి చేరాడు, బాగానే ఉంది. కానీ చుట్ట విప్పలేదు. గట్టెక్కించడానికి దుంగన్న బలం సరిపోయింది. చుట్ట విప్పడానికి ఎవడి బలమూ పనికిరాదు.

చుట్టూ జనం చేరారు. జనం చేరితే ఏమవుతుంది? సలహాలవుతాయి.

"పోనీలే బాబూ, అంతా మర్చిపో."

"ఆ మాటే ఎత్తకండి, తథాస్తు దేవతలుంటారు."

"నవ్వు బావా, ఒక్కసారి!"

నూకాలత్త ముళ్ళన్నీ నిక్కబొడుచుకున్నాయి. గలగలమని ఒక్కసారి విదిలించేసరికి అందరూ పది అడుగులు వెనక్కి పోయారు. ఆవిడ కోటయ్య పక్కన కూర్చుంది. దగ్గరికి తీసుకుందామంటే ముళ్ళు. అందుకే జానెడు దూరంలో కూర్చుంది. కూర్చుని, ఆ అడవిలో ఎన్నడూ ఎవరూ అడగని మాట అడిగింది.

"కోటయ్యా, నీకు చచ్చిపోవాలని ఉందా?"

గోరింక కెవ్వుమంది. పెద్దయ్య చెవులు మూసుకున్నాడు. అందరూ తలెత్తి ఆకాశం వైపు చూశారు, ఇప్పుడే ఎవరో "తథాస్తు" అంటారని. ఎవరూ ఏమీ అనలేదు. ఒక ఇప్పాకు రాలి పడింది, అంతే.

చుట్ట లోపల్నుంచి సన్నగా మాట వచ్చింది.

"ఉందత్తా."

"ఎన్నాళ్ళ నుంచి?"

"బుల్లి కాలు విరిగినప్పటి నుంచి."

"చెప్పు. వింటాను."

"నీకు దుంపల పనుంది కదత్తా."

ఆ మాట నూకాలత్తకి గుచ్చుకుంది. ముళ్ళున్నదానికి ముల్లు గుచ్చుకోవడమంటే మాటలా? "కుళ్ళిపోనీరా దుంపలు" అంది. "ఆ రోజు నువ్వు చెప్తే నాకు భయమేసి పారిపోయాను. తప్పు నాది. ఇవాళ కదలను. చెప్పు."

కోటయ్య చెప్పాడు. చెప్పిందే చెప్పాడు. నూకాలత్తకి నోరు మూసుకుని కూర్చోవడం పుట్టుకతో అలవాటు లేదు. నాలిక చివరిదాకా "అది కాదురా" అని వచ్చేది, మింగేసేది. "ఛ, నీదేం తప్పు లేదు" అని కూడా అనలేదు. తొందరపడ్డాడు కదా, తప్పు కొంత ఉంది మరి. ఊరికే విన్నది. పొద్దు వాలేసరికి చుట్టలోంచి మూతి బయటికి వచ్చింది.

"అత్తా, ఇప్పుడు నన్నేం చెయ్యమంటావు?"

"నాకేం తెలుసురా! కానీ ఒకటి. ముందున్న చీమకి దారెవరు చెప్తారన్నావు. అడిగేసి చక్కా పోయావు. అది నా బుర్రలో తిరుగుతోంది. వారం రోజులుగా చీమల వెనకాల పడి తిరుగుతున్నాను, ఈ వయసులో! అది తేలేదాకా నిన్ను ఎక్కడికీ పోనివ్వను."

"తేలిందా అత్తా?"

"ఎక్కడ! ముందున్న చీమ వెనక్కి వచ్చేసింది. రెండోది ముందుకెళ్ళింది. అది అలిసిపోతే మూడోది. ఎవరు ముందో దేవుడికే తెలియాలి!"

కోటయ్య కళ్ళు రెండూ బయటికొచ్చాయి. "అంటే ముందు ఎవరూ లేరా అత్తా? మార్చుకుంటున్నాయా?"

"నన్నడిగితే? పొద్దున్నే వచ్చి నువ్వే చూసి ఏడు!"

కోటయ్య ముక్కులోంచి చిన్న చప్పుడు వచ్చింది. అది నవ్వో ఏడుపో నూకాలత్తకి అర్థం కాలేదు. రెండూ కావచ్చు. చుట్ట పూర్తిగా విప్పుకున్నాడు.

అంతటితో అయిపోయిందనుకుంటున్నారా? అడవిలో వాళ్ళూ అలాగే అనుకున్నారు. "హమ్మయ్య, బాగైపోయాడు" అని ఎవరి దారిన వాళ్ళు పోబోయారు. నూకాలత్తకి మళ్ళీ ఒళ్ళు మండింది.

"బుల్లికి కాలు విరిగితే తాబేలు వైద్యుణ్ణి పిలిచారా లేదా? మరి వీడికి మనసు విరిగితే పిలవరేం? మనసు అంత చవకైందా?"

తాబేలుకి కబురు పెట్టారు. తాబేలు బయల్దేరాడు. ఆయన నడక మీకు తెలుసుగా. రెండు రోజులు పట్టింది. ఆ రెండు రోజులూ నూకాలత్త కోటయ్యని ఒంటరిగా వదల్లేదు. దారి చూసి చూసి "ఈయన వచ్చేసరికి నాకు వైద్యం చెయ్యాల్సి వచ్చేలా ఉంది" అంది. ఆ మాటకి కోటయ్య మళ్ళీ ముక్కుతో చప్పుడు చేశాడు. ఈసారి నవ్వే.

తాబేలు వైద్యుడు కోటయ్యతో చాలాసేపు మాట్లాడాడు. మందాకులు ఇచ్చాడు, వారానికోసారి రమ్మన్నాడు. తర్వాత అందర్నీ పిలిచాడు.

"ఇది కూడా జబ్బే. తగ్గుతుంది. కానీ ఒక్కరోజులో తగ్గదు. ఇతన్ని ఒంటరిగా వదలకండి. వాగు దగ్గరికి కొన్నాళ్ళు తోడు లేకుండా పోనివ్వకండి. ఇతనిలో మంచి గుణాలున్నాయి. రేపు ఏమవుతుందో చూద్దామనే కుతూహలం ఉంది. తన మీద తానే నవ్వుకోగలడు. అన్నిటికంటే పెద్దది, కష్టమొస్తే నోరు తెరిచి చెప్పే గుణం. నాలుగుసార్లు చెప్పాడు మీకు! ఆ గుణాలే ఇతనికి కంచె. నాలుగుసార్లూ ఆ కంచె పీకింది మీరు."

పెద్దయ్య చెవుల మీది చేతులు తీసేశాడు.

"పైనున్న దేవతలు వింటారేమోనని కిందున్న మనం చెవులు మూసుకున్నాం" అంది నూకాలత్త. "ఇంతకంటే తెలివితక్కువతనం ఉందా?"

అప్పుడు పైడమ్మ ముందుకొచ్చింది. పక్కన బుల్లి, కుంటుకుంటూ.

"అన్నయ్యా, నాకు కోపం వచ్చింది. అబద్ధం ఎందుకు చెప్పాలి? ఇంకా కాస్త ఉంది కూడా. కానీ నీ మీద కోపమంటే నువ్వు లేకుండా పోవాలని కాదు. నువ్వుంటేనే కదా నేను పోట్లాడేది."

బుల్లి మూతి ముడిచింది. "మామా, నీ బొరియ మాకొద్దు. అందులో చీమల కంపు. మాకు వేరేది తవ్వు. ఈసారి మట్టి ఆరాక తవ్వు."

కోటయ్య ఆ పిల్ల వైపు చూశాడు. "ఆరాకే తవ్వుతానమ్మా" అన్నాడు. దుంగన్న చెదపుట్ట తిరిగిచ్చేశాడు. సగం తినేశాడనుకోండి, ఆ సంగతి వేరే.

ఆ తర్వాత కూడా కోటయ్యకి చెడ్డ రోజులు వచ్చాయి. కొన్నాళ్ళు చుట్టుకుపోయే ఉండేవాడు. అప్పుడు ఎవరో ఒకరు వచ్చి పక్కన కూర్చునేవారు. దుంగన్న తన వాపుల కథ మొదలెట్టబోయి నాలిక కరుచుకునేవాడు. గోరింక "నవ్వు బావా" అనడం మానేసింది. "ఎలా ఉంది బావా?" అని అడిగి, జవాబు వచ్చేదాకా కొమ్మ మీదే ఉండేది. గోరింకకి అదెంత కష్టమో ఆలోచించండి. కోటయ్య కూడా ఒక అలవాటు చేసుకున్నాడు. ఎంత చెడ్డ రోజైనా పడుకునే ముందు రేపటికని ఒక సందేహం దాచుకునేవాడు. తెల్లారి లేవడానికి ఆ ఒక్కటీ చాలిన రోజులున్నాయి. అది చాలని రోజున "అత్తా, ఇవాళ బాలేదు" అని గోడ తట్టేవాడు. నూకాలత్త దుంపలు అక్కడే పడేసి వచ్చేది.

ఏడాది తిరిగింది. మళ్ళీ వానలు వచ్చే వేళయింది. ఒక పొద్దున కోటయ్య గుమ్మం ముందుకొచ్చాడు.

"అత్తా, ఒక సందేహం."

"వద్దు."

"తాబేలు తాతయ్య ఇల్లు వీపు మీదే ఉంటుంది కదా. మరి ఇంట్లోంచి బయల్దేరాను అని ఎప్పుడంటాడు?"

నూకాలత్త తల పట్టుకుంది. "అబ్బబ్బ! విసుగొస్తోందిరా నాకు!"

కోటయ్య మొహంలో నవ్వు పోయింది. దగ్గరికి వచ్చి, జానెడు దూరంలో కూర్చున్నాడు. ఆవిడ కళ్ళలోకి సూటిగా చూశాడు.

"ఏ విసుగత్తా? మామూలు విసుగా? లేక ఆ రోజు నాకొచ్చిన విసుగా? చెప్పు. వింటాను."

నూకాలత్త నోరు తెరిచింది. ఇన్నేళ్ళలో ఆవిడ్ని ఆ మాట అడిగినవాళ్ళు లేరు. అత్తకేంటి, గుండెలు తీసిన బంటు అనుకునేవాళ్ళంతా. కళ్ళు చెమర్చాయి. వెంటనే ఆ చెమర్చడం మీద కూడా చికాకొచ్చింది.

"మామూలు విసుగేరా! నీతో వేగలేక వచ్చిన విసుగు! పోయి పైడమ్మకి బొరియ తవ్వు, మట్టి ఆరింది!"

కోటయ్య పడీపడీ నవ్వాడు.

"వెళ్ళొస్తానత్తా."

"రా, రా. రేపు ఆలస్యం చేశావంటే ఊరుకోను."

నీతి: బతకాలని లేదని ఎవరైనా చెబితే నోరు మూయించకూడదు, పక్కన కూర్చుని అడగాలి, వినాలి. మనకే అలా అనిపిస్తే చుట్టుకుపోకుండా మనవాళ్ళకి చెప్పాలి, వాళ్ళు వినకపోతే వినేవాళ్ళు దొరికేదాకా చెప్పాలి. రేపటికని దాచుకున్న చిన్న సందేహమూ, ఒక నవ్వూ, నోరు తెరిచి చెప్పే ధైర్యమూ ప్రాణానికి కంచె.